పంపకుండా ఆగిన మెయిల్: జీమెయిల్ ఏపీఐతో డ్రాఫ్టులు తయారుచేయడం వెనక కథ

మా అపార్ట్‌మెంట్‌లో 84 ఫ్లాట్లు. సంఘం లెక్కలు చూసే పని రెండేళ్ల కిందట నా నెత్తిన పడింది. "సాఫ్ట్‌వేర్ వాడివి కదా, నీకెంతసేపు" అన్నారు. ఎవరెంత మెయింటెనెన్స్ కట్టాలో నెలనెలా స్ప్రెడ్‌షీట్‌లో ఉంటుంది. దాన్ని చదివి 84 ఇళ్లకూ మెయిళ్లు పంపే చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. మూడు నెలలు బాగానే నడిచింది. నాలుగో నెల, పంపేముందు షీటును బకాయిల వరుసలో సర్దుదామనిపించింది. పట్టిక మొత్తాన్ని కాకుండా బకాయిల కాలమ్ ఒక్కటే ఎంచుకుని సార్ట్ కొట్టాను. పేర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంకెలు మాత్రం పైకీ కిందికీ జరిగిపోయాయి. నేను చూసుకోలేదు. స్క్రిప్టు ఎలాగూ చూసుకోదు. నిమిషంన్నరలో 84 మెయిళ్లు వెళ్లిపోయాయి.

మొదటి ఫోన్ మూడో అంతస్తు నుంచి. "ఏమండీ, నేను ఏడాదిది ముందే కట్టేశాను గదా, పద్దెనిమిది వేలు బాకీ అంటారేంటి?" రెండోది డాలస్‌లో ఉండే ఫ్లాట్ ఓనరు నుంచి. ఆయన తన అంకె కంటే పక్కింటివాళ్ల పరువు గురించి ఎక్కువ టెన్షన్ పడుతున్నాడు. ఆ రాత్రి క్షమాపణ మెయిల్ చేత్తోనే టైప్ చేశాను. అప్పుడే అనుకున్నాను, ఇకమీదట నా ప్రోగ్రామ్ మెయిల్ రాయడం వరకే చేస్తుంది, పంపే మీట మనిషే నొక్కాలని.

అంటే మెయిళ్లు నేరుగా వెళ్లకుండా డ్రాఫ్టుల ఫోల్డర్‌లో వచ్చి కూర్చోవాలి. వినడానికి ఇదేదో ఉన్నదాంట్లోంచి ఒక పని తీసేయడంలా ఉంటుంది. 'పంపు' అన్నచోట 'దాచు' అని మార్చేస్తే సరిపోదా అనుకున్నాను. సరిపోలేదు. మెయిల్ లోపలి ప్యాకింగ్, డ్రాఫ్టుకుండే రెండు నంబర్లు, గూగుల్ అడిగే అనుమతులు, ఈ మూడూ వేర్వేరు చిక్కులు. ఒకదాని పొరపాటు ఇంకోదానిలా కనిపిస్తుంది కాబట్టి విడివిడిగా చూడాలి.

ఒకే ఒక్క కాల్

పైపైన చూస్తే పని చాలా తేలిక. జీమెయిల్ ఏపీఐని, అంటే వేరే ప్రోగ్రాములు జీమెయిల్‌తో పనులు చేయించుకునే దారిని, గూగుల్ 2014లో తెచ్చింది. అందులో డ్రాఫ్టుల కోసమే ఒక విభాగం ఉంది. సృష్టించడం, చూడటం, జాబితా తీయడం, మార్చడం, తీసేయడం, పంపడం, ఇవే అక్కడ దొరికే పనులు. సృష్టించాలంటే 'యూజర్స్, మి, డ్రాఫ్ట్స్' అనే చిరునామాకి ఒక పోస్ట్ రిక్వెస్ట్, అంటే కొత్తది తయారుచేయమనే అభ్యర్థన, పంపాలి. ఇక్కడ 'మి' అంటే ఎవరి టోకెన్‌తో, అంటే ఎవరి ఖాతా ఇచ్చిన అనుమతి పత్రంతో, వచ్చామో వాళ్లు. రిక్వెస్ట్‌లో పెట్టే జేసన్ (వివరాలను పేర్లు పెట్టి సర్దే రాత పద్ధతి) కూడా రెండు అరల డబ్బానే. బయటి అర పేరు 'మెసేజ్', లోపలి అర పేరు 'రా'. ఆ లోపలి అరలో మెయిల్ మొత్తం ఒకే పొడుగాటి అక్షరాల దండలా ఉంటుంది.

చాలామంది మొదట తడబడేది ఇక్కడే. 'టు' ఏది, 'సబ్జెక్ట్' ఏది అని వెతుకుతారు. జేసన్‌లో వాటికి విడిగా గళ్లు ఉండవు. ఎవరికి, ఏ విషయం, ఏ ఫైలు, అన్నీ ఆ దండలోకే పోవాలి. పోస్టాఫీసు ఉత్తరాన్ని విడిభాగాలుగా తీసుకోదు, కవరు అంటించి చేతికిస్తేనే తీసుకుంటుంది. జీమెయిల్ కూడా అంతే. కవరు మనమే అంటించాలి.

డ్రాఫ్టుకు ఒక సదుపాయం ఉంది. ఎవరికి అనేది ఖాళీగా వదిలేసినా డ్రాఫ్ట్ తయారవుతుంది. పంపేటప్పుడు మాత్రం చిరునామా లేదని ఆగిపోతుంది. ఇది నాకు బాగా పనికొచ్చింది. ఈమెయిల్ ఇవ్వని ఇళ్లకు కూడా డ్రాఫ్ట్ తయారుచేసి వదిలేస్తాను. సెక్రటరీ గారు చూసి ఎవరినో అడిగి నింపుతారు.

కవరు అంటించడం

మెయిల్ ఎలా ఉండాలో చెప్పే నియమాలు 1982 నాటివి. ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ఆ పత్రాన్ని తర్వాత రెండుసార్లు, 2001లో, 2008లో తిరగరాశారు. రూపం మాత్రం మారలేదు. పైన 'ఎవరి నుంచి', 'ఎవరికి', 'విషయం' లాంటి హెడర్ పంక్తులు, తర్వాత ఒక ఖాళీ పంక్తి, దాని కింద అసలు సంగతి. ఆ కాలానికి అక్షరాలంటే ఇంగ్లిష్ అక్షరాలే. బొమ్మలు, ఫైళ్లు, వేరే లిపులు దాంట్లో పట్టించడానికి 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ పద్ధతి తెచ్చారు. ఇవాళ మనం మెయిల్‌కి పీడీఎఫ్ తగిలించగలుగుతున్నామంటే దాని పుణ్యమే. మైమ్ చేసిన పని తెలివైనది. పాత గొట్టాన్ని మార్చకుండా, ఏదైనా సరే ఇంగ్లిష్ అక్షరాల వేషం వేసుకుని ఆ గొట్టంలోంచే వెళ్లేలా చేసింది. ఆ వేషం పేరు బేస్64.

తెలుగులో మెయిల్ రాసేవాళ్లు ఈ వేషాన్ని దగ్గరగా చూడాలి. ఇంగ్లిష్‌లో మాత్రమే రాసేవాడికి ఎప్పటికీ ఎదురుపడని తప్పులు మనకు మొదటి రోజే ఎదురుపడతాయి.

'తెలుగు' అనే మాటనే తీసుకోండి. మనకది మూడక్షరాలు. కంప్యూటర్‌కి ఆరు: త, దాని మీద ఎత్వం, ల, దాని కొమ్ము, గ, దాని కొమ్ము. అన్ని లిపులనూ కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. అంటే 18 బైట్లు. బేస్64 ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలు చేస్తుంది కాబట్టి అవి 24 అవుతాయి. లెక్క కుదరడం వల్ల ఒక తమాషా జరుగుతుంది. ఒక తెలుగు గుర్తుకు సరిగ్గా నాలుగు బేస్64 అక్షరాలు. అందులో మొదటి మూడూ '4, ఎల్, సి' గానీ '4, ఎల్, జి' గానీ అయి ఉంటాయి. మధ్యలో ఒక ఖాళీ వస్తే ఆ వరుస జరిగిపోతుందనుకోండి. మెయిల్ మూలరూపం తెరిచినప్పుడు ఈ '4ఎల్‌సి, 4ఎల్‌జి' అనే గొడవ వరసగా కనిపిస్తే లోపల తెలుగు ఉందని చదవకుండానే చెప్పేయొచ్చు. నాకిప్పుడు అలవాటైపోయింది.

సంగతి భాగం వరకు ఇంతే. సబ్జెక్ట్ పంక్తి దగ్గర ఇంకో నియమం వస్తుంది. హెడర్‌లో ఇంగ్లిష్ కాని అక్షరాలు ఎలా రాయాలో 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2047 చెప్తుంది. ముందు ఒక సమానం గుర్తు, ప్రశ్నార్థకం, 'యూటీఎఫ్-8' అనే పేరు, ప్రశ్నార్థకం, 'బి' అనే అక్షరం, ఇంకో ప్రశ్నార్థకం, తర్వాత బేస్64 దండ, చివర మళ్లీ ప్రశ్నార్థకం, సమానం గుర్తు. ఇలాంటి ముక్క ఒక్కోటి, గుర్తులతో సహా, 75 అక్షరాలు దాటకూడదు. గుర్తులకు 12 పోతే 63 మిగులుతాయి. బేస్64 నాలుగేసి చొప్పున నడుస్తుంది కాబట్టి వాడుకోగలిగేది 60. అంటే 45 బైట్లు, అంటే 15 తెలుగు గుర్తులు.

నా మెయిల్ సబ్జెక్ట్ 'అక్టోబరు మెయింటెనెన్స్'. మొదటి మాటలో 8 గుర్తులు, రెండో మాటలో 13, మధ్యలో ఒక ఖాళీ. మొత్తం 64 బైట్లు. ఒక ముక్కలో పట్టదు, రెండు కావాలి. ఎక్కడ తుంచాలన్నది జాగ్రత్తగా చూడాలి. ఒక తెలుగు గుర్తు తాలూకు మూడు బైట్ల మధ్యలో తుంచితే, రెండు ముక్కలూ చెరోవైపు చెడిపోయి, సబ్జెక్ట్ మధ్యలో నల్ల డైమండులో ప్రశ్నార్థకం ప్రత్యక్షమవుతుంది. ఇంకోటి, పక్కపక్కన ఉన్న రెండు ముక్కల మధ్య ఖాళీని మెయిల్ చూపించే ప్రోగ్రాములు మింగేస్తాయి. మాటల మధ్య ఖాళీ నిజంగా కావాలంటే అది ఏదో ఒక ముక్క లోపలే ఉండాలి.

ఈ వేషమేదీ వేయకుండా తెలుగును తిన్నగా సబ్జెక్ట్‌లో పెట్టేస్తే? నేను పెట్టాను. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న 'ఎ', దాని పక్కన ° గుర్తు, ఇంకో 'ఎ', దాని పక్కన ±, ఇలా లైనంతా నిండిపోయింది. కారణం చిన్నది. తెలుగు గుర్తు ప్రతిదీ ఒకే బైటుతో మొదలవుతుంది. దాన్ని పాత పశ్చిమ యూరప్ అక్షరాల పట్టికలో చూస్తే ఆ గీత ఉన్న 'ఎ' వస్తుంది. రెండో బైటు ° గానీ ± గానీ అవుతుంది. మెయిల్‌లో ఈ దృశ్యం కనిపిస్తే సర్వర్‌ని తిట్టక్కర్లేదు, హెడర్ ఎన్‌కోడింగ్ మర్చిపోయామని అర్థం.

ఇదంతా చేత్తో చేయొద్దు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో, ముందే రాసిపెట్టి ఉన్న ఈమెయిల్ లైబ్రరీలోని 'ఈమెయిల్‌మెసేజ్' అనే క్లాసుకు సబ్జెక్ట్‌నీ సంగతినీ తెలుగులోనే ఇస్తే, తుంచడాలూ వేషాలూ అదే చూసుకుంటుంది. చాలామంది, మొదట్లో నేనూ, 'ఇంత చిన్నదానికి లైబ్రరీ ఎందుకు' అని పంక్తులను అతికించి మెయిల్ తయారుచేస్తారు. ఇంగ్లిష్‌తో పరీక్షిస్తే బాగానే పనిచేస్తుంది. మొదటి తెలుగు పేరు వచ్చిన రోజున బయటపడుతుంది.

మెయిల్ తయారయ్యాక ఇంకో చుట్టు ఉంది. మొత్తం మెయిల్‌ని మళ్లీ బేస్64లోకి మార్చి 'రా' అరలో పెట్టాలి. అయితే ఇది మామూలు బేస్64 కాదు, యూఆర్‌ఎల్‌కి పనికొచ్చే రకం. మామూలు దాంట్లో వచ్చే ప్లస్ గుర్తు ఇందులో అడ్డగీత అవుతుంది, స్లాష్ గుర్తు అండర్‌స్కోర్ అవుతుంది. తేడా అంతే. ఆ తేడా మర్చిపోతే జరిగేది మాత్రం చికాకు పెడుతుంది. దండలో ప్లస్ గానీ స్లాష్ గానీ పడితేనే తిరస్కరణ వస్తుంది కాబట్టి, ఒక చిన్న మెయిల్ వెళ్తుంది, ఇంకోటి వెళ్లదు. తప్పు మెయిల్‌లో ఉందనుకుని గంటలు వెతుకుతాం.

రెండు చుట్లు వేస్తే బరువు కూడా పెరుగుతుంది. లోపల 24 అయిన 'తెలుగు' మాట బయటి చుట్టు తర్వాత 32 అవుతుంది. 9 ఎంబీ పీడీఎఫ్ లోపల 12 అయి, బయటికి 16 అవుతుంది. పెద్ద ఫైళ్లుంటే జేసన్‌ని వదిలేసి అప్‌లోడ్ చిరునామాకి మెయిల్‌ని ఉన్నదున్నట్టు పంపే దారి ఉంది. బయటి చుట్టు తప్పుతుంది. అక్కడ హద్దు 35 ఎంబీ. రసీదుల కోసం నాకంత అవసరం రాలేదు.

ఫ్లాట్ నంబరు, అద్దెకున్నవాళ్లు

డ్రాఫ్ట్ తయారయ్యాక జీమెయిల్ రెండు ఐడీలు తిరిగిస్తుంది. ఒకటి డ్రాఫ్ట్‌ది, ఇంకోటి దాని లోపలి మెసేజ్‌ది. మొదటిసారి చూసినప్పుడు ఒకటే వస్తువుకి రెండు పేర్లెందుకని, నా షీటులో మెసేజ్ ఐడీ రాసుకున్నాను. మర్నాడు సెక్రటరీ గారు ఒక డ్రాఫ్ట్ తెరిచి కామా మార్చారు. నా ఐడీ చెల్లకుండా పోయింది.

జీమెయిల్‌లో ఒకసారి దాచిన మెసేజ్ మారదు. డ్రాఫ్ట్‌ని 'మార్చడం' అంటే పాత మెసేజ్‌ని తీసేసి ఆ స్థానంలో కొత్తది పెట్టడం. కాబట్టి మార్చిన ప్రతిసారీ లోపలి మెసేజ్ ఐడీ కొత్తదవుతుంది, డ్రాఫ్ట్ ఐడీ నిలబడుతుంది. ఫ్లాట్ నంబరు అదే, అద్దెకున్నవాళ్లు మారారు. రాసుకోవాల్సింది ఫ్లాట్ నంబరే.

దీనివల్లే ఇంకో ఇబ్బంది. ఏపీఐలో డ్రాఫ్ట్‌లోని ఒక్క సబ్జెక్ట్‌నే మార్చే వీలు లేదు. 'అప్‌డేట్' పిలిచామంటే మెయిల్ మొత్తం మళ్లీ ఇవ్వాలి, తగిలించిన ఫైలుతో సహా. కొత్తదాంట్లో పీడీఎఫ్ పెట్టడం మర్చిపోతే డ్రాఫ్టులో పీడీఎఫ్ పోతుంది. ఈలోగా మనిషి బ్రౌజర్‌లో అదే డ్రాఫ్ట్ దిద్దుతూ ఉంటే ఆ దిద్దుబాటు మీద స్క్రిప్టు బుల్‌డోజర్ తోలినట్టే. అందుకే నేనొక నియమం పెట్టుకున్నాను. స్క్రిప్టు డ్రాఫ్ట్‌ని ఒకసారి పుట్టిస్తుంది, ఆ తర్వాత ముట్టుకోదు. లెక్క తప్పని తేలితే పాతది తీసేసి కొత్తది పెడుతుంది, అది కూడా సెక్రటరీ గారికి ఫోన్ చేసి చెప్పాకే.

పంపాక డ్రాఫ్ట్ మాయమవుతుంది. దాని స్థానంలో 'సెంట్' లేబుల్‌తో కొత్త ఐడీ ఉన్న మెసేజ్ పుడుతుంది. షీటులో రాసుకున్న డ్రాఫ్ట్ ఐడీతో వెళ్లి అడిగితే 'దొరకలేదు' అనే 404 వస్తుంది. ఇది తప్పు కాదు, కానీ అర్థం ఒకటే కాదు. పంపేసి ఉండొచ్చు, చెత్తలో పారేసి ఉండొచ్చు. ఏదో తేలాలంటే పంపినవాటిలో వెతకాలి. నేను 404 చూసి 'పంపారు' అని టిక్కు పెట్టుకుంటూ ఒక నెల గడిపేశాను. రెండిళ్లకు అసలు మెయిలే వెళ్లలేదు.

మధ్యలో నెట్ పోతే ఏమవుతుందన్నది కూడా ఇక్కడే చెప్పాలి. రిక్వెస్ట్ పంపాం, జవాబు రాలేదు. డ్రాఫ్ట్ తయారైందో లేదో తెలియదు. మళ్లీ పంపితే రెండు డ్రాఫ్టులు ఉండొచ్చు. డబ్బుల చెల్లింపు ఏపీఐల్లో చాలావాటికి 'ఇది పాత రిక్వెస్టే, మళ్లీ చేయకు' అని చెప్పే తాళం ఒకటి ఉంటుంది. ఇక్కడ అలాంటిది లేదు. మళ్లీ ప్రయత్నించే ముందు డ్రాఫ్టుల జాబితా తీసి, అదే చిరునామా, అదే సబ్జెక్ట్ ఉన్నది ఉందేమో చూసుకోవడం ఒక్కటే దారి. డ్రాఫ్ట్ రెండుంటే మనిషి ఒకటి తీసేస్తాడు. అదే నేరుగా పంపే స్క్రిప్టు అయితే ఫ్లాట్ ఓనరుకి రెండు వెళ్లేవి.

జవాబుగా వెళ్లే డ్రాఫ్టులకు ఇంకొంచెం పని ఉంది. ఎవరైనా 'ఈ నెల వాటర్ ట్యాంకర్ డబ్బులు ఎందుకు ఎక్కువ?' అని మెయిల్ రాస్తే, జవాబు డ్రాఫ్ట్ ఆ సంభాషణ కిందే కనిపించాలి. దానికి మూడు కుదరాలి. జేసన్‌లో థ్రెడ్ ఐడీ, అంటే ఆ సంభాషణ నంబరు, ఇవ్వాలి. మెయిల్ హెడర్లలో 'ఇన్-రిప్లై-టు', 'రిఫరెన్సెస్' సరిగ్గా ఉండాలి. సబ్జెక్ట్ కూడా కలవాలి. ఆ హెడర్లలో పెట్టాల్సింది అసలు మెయిల్‌లోని 'మెసేజ్-ఐడీ' హెడర్, కోణపు బ్రాకెట్ల మధ్య ఎట్ గుర్తుతో ఉండేది. ఏపీఐ ఇచ్చే మెసేజ్ ఐడీ వేరు, అది గూగుల్ ఇంట్లో మాత్రమే చెల్లే టోకెన్ లాంటిది. పేర్లు ఒకేలా ఉండటంతో ఒకదాని బదులు ఇంకోటి పెడతారు. అప్పుడు పంపినవాడికి బాగానే కనిపించి, అందుకున్నవాడికి విడి మెయిల్‌లా కనిపిస్తుంది.

సంతకం గురించి ఒక్క మాట. జీమెయిల్ సెట్టింగుల్లో మీరు పెట్టుకున్న సంతకం బ్రౌజర్‌లో కొత్త మెయిల్ తెరిచినప్పుడే వస్తుంది. ఏపీఐ డ్రాఫ్ట్‌లోకి దానంతటది రాదు.

అనుమతుల దగ్గర అసలు చిక్కు

డ్రాఫ్టులు మాత్రమే రాసే ప్రోగ్రామ్ కావాలి, పంపే శక్తి దానికి ఉండకూడదు. ఇది న్యాయమైన కోరికే కదా. జీమెయిల్‌లో అలాంటి అనుమతి లేదు.

ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో గూగుల్ 'స్కోప్' అనే చీటీలతో నిర్ణయిస్తుంది. పంపడానికి మాత్రమే పనికొచ్చే చీటీ ఒకటుంది, 'జీమెయిల్.సెండ్'. దాంతో డ్రాఫ్ట్ తయారుచేయలేం. డ్రాఫ్టులకు కావాల్సింది 'జీమెయిల్.కంపోజ్'. అది డ్రాఫ్టులనూ చూసుకుంటుంది, మెయిళ్లనూ పంపుతుంది. ఇంకా పెద్దవి కావాలంటే 'మాడిఫై', మొత్తం మెయిల్ పెట్టెను అప్పగించే చీటీ కూడా ఉన్నాయి. రాయడం మాత్రం, పంపడం వద్దు అనే చీటీ ఆ వరుసలో కనపడదు.

ఇంకో వింత. పంపే చీటీని గూగుల్ 'సెన్సిటివ్' అనే తరగతిలో పెట్టింది. డ్రాఫ్టుల చీటీని దానికంటే కట్టుదిట్టమైన 'రిస్ట్రిక్టెడ్' తరగతిలో పెట్టింది. మెయిళ్లను ప్రపంచం మీదికి వదలగల ప్రోగ్రామ్ కంటే, వాటిని డ్రాఫ్టుల్లో దాచే ప్రోగ్రామ్‌కే ఎక్కువ తనిఖీ అన్నమాట. కాస్త ఆలోచిస్తే కారణం తట్టింది. పంపే చీటీతో ఏదీ చదవలేం. కంపోజ్ చీటీతో డ్రాఫ్టులు చదవొచ్చు. మన డ్రాఫ్టుల్లో ఏముంటాయి? పంపని రాజీనామాలు, సగం రాసి ఆపేసిన కోపాలు, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి మోసుకెళ్లడానికి పెట్టుకున్న పాస్‌వర్డులు. పంపిన మెయిల్ కంటే పంపనిదే గుట్టు. ఆ లెక్కన గూగుల్ చేసింది సబబే అనిపిస్తుంది. కానీ నాలాంటివాడి అవసరం మాత్రం తీరలేదు.

అందరికీ ఇచ్చే యాప్ అయితే ఈ తరగతి వల్ల గూగుల్ పరిశీలన దాటాలి. డేటా సర్వర్ల మీద పెట్టుకునేవాళ్లు భద్రతా తనిఖీ కూడా చేయించుకోవాలి. సొంతానికి వాడుకునేవాడికి అంత అక్కర్లేదు, 'ఈ యాప్‌ను గూగుల్ ధ్రువీకరించలేదు' అనే హెచ్చరిక దాటి ముందుకెళ్లొచ్చు. అయితే ఒక గొయ్యి ఉంది. ప్రాజెక్ట్‌ని 'టెస్టింగ్' స్థితిలో వదిలేస్తే ప్రతిసారీ అనుమతి అడగకుండా నడిపించే రిఫ్రెష్ టోకెన్ ఏడు రోజులకే చచ్చిపోతుంది. సోమవారం బ్రహ్మాండంగా నడిచిన స్క్రిప్టు వచ్చే సోమవారం 'ఇన్‌వాలిడ్ గ్రాంట్' అంటుంది. నెలకోసారి నడిచే స్క్రిప్టుకి ఇది ప్రతిసారీ జరుగుతుంది కాబట్టి కోడ్‌లో తప్పేమో అని కోడ్ దిద్దుతూ కూర్చుంటాం.

ఇంకో గొయ్యి సర్వీస్ అకౌంట్, అంటే మనిషికి కాక ప్రోగ్రామ్‌కి ఇచ్చే ఖాతా. గూగుల్ క్లౌడ్‌లో మిగతా పనులన్నిటికీ అదే వాడతాం కాబట్టి ఇక్కడా అదే చేద్దామనుకుంటారు. సర్వీస్ అకౌంట్ మామూలు జీమెయిల్ పెట్టెలోకి అడుగుపెట్టలేదు. కంపెనీకి వర్క్‌స్పేస్ (గూగుల్ సంస్థలకిచ్చే మెయిల్ సేవ) ఉండి, దాని అడ్మిన్ డొమైన్ మొత్తానికి అధికారం రాసిస్తేనే ఉద్యోగుల పెట్టెల్లోకి వాళ్ల తరఫున వెళ్లగలదు. ఆ అధికారం చాలా పెద్దది, అడిగిన వెంటనే ఇచ్చే అడ్మిన్‌ని చూసి నేనైతే భయపడతాను.

అవుట్‌లుక్‌లో గీత వేరేచోట ఉంది

అవుట్‌లుక్ మెయిల్ నడిపే మైక్రోసాఫ్ట్ దారి వేరు. వాళ్ల గ్రాఫ్ ఏపీఐలో 'మెసేజెస్' చిరునామాకి పోస్ట్ చేస్తే తయారయ్యేదే డ్రాఫ్ట్, విడిగా డ్రాఫ్ట్ అని అడగక్కర్లేదు. సబ్జెక్ట్‌కి గడి, సంగతికి గడి, ఎవరికి అనేదానికి గడి, అన్నీ జేసన్‌లో విడివిడిగా ఉంటాయి. తెలుగుని తెలుగుగా రాసేస్తే చాలు. పైన చెప్పిన పదిహేను గుర్తుల లెక్క అక్కడ మీకు తెలియాల్సిన పనే లేదు. జవాబు డ్రాఫ్ట్ కోసం 'క్రియేట్‌రిప్లై' అని ఒక పని ఉంది, హెడర్ల గొడవ అదే చూసుకుంటుంది. ఒక్క గడినే మార్చే వీలూ ఉంది.

నాకు ముఖ్యమైనది అనుమతి. అక్కడ 'మెయిల్.రీడ్‌రైట్' అనే చీటీతో డ్రాఫ్టులు రాయొచ్చు, పంపలేం. పంపడానికి 'మెయిల్.సెండ్' విడిగా అడగాలి. నాక్కావలసిన గీత సరిగ్గా అక్కడే ఉంది. దానికి ధర లేకపోలేదు. ఆ రీడ్‌రైట్ చీటీ మెయిల్ పెట్టె మొత్తాన్నీ చదవనిస్తుంది, తీసేయనిస్తుంది కూడా. గూగుల్ పంపే శక్తిని కలిపి ఇస్తుంది, మైక్రోసాఫ్ట్ చదివే శక్తిని కలిపి ఇస్తుంది. ఏ నష్టం భరించగలరో చూసుకుని ఎంచుకోవాలి.

వీటన్నిటికంటే పాత దారి ఐమ్యాప్, మెయిల్ ప్రోగ్రాములు సర్వర్‌లోని పెట్టెను తెరిచే పద్ధతి. మెయిల్ తయారుచేసి, డ్రాఫ్ట్ అనే జెండా తగిలించి, 'అపెండ్' ఆదేశంతో డ్రాఫ్టుల ఫోల్డర్‌లో పడేయడమే. ఏ కంపెనీ మెయిల్ అయినా దాదాపు పనిచేస్తుంది. అక్కడ కూడా దాచిన మెసేజ్ మారదు, దిద్దాలంటే కొత్తది పెట్టి పాతది తీసేయాలి. జీమెయిల్ రెండు ఐడీల తీరు వింతగా అనిపించినవాళ్లు ఇది చూస్తే వంశం ఎక్కడిదో గుర్తుపడతారు.

నేను చివరికి ఏం చేశాను

ఇన్ని చెప్పి, నేను వాడుతున్నది వీటిలో దేన్నీ నేరుగా కాదు. గూగుల్ షీటు వెనకే ఉండే యాప్స్ స్క్రిప్ట్‌లో 'క్రియేట్‌డ్రాఫ్ట్' అని ఒక ఫంక్షన్ ఉంది. ఎవరికి, విషయం, సంగతి, కావాలంటే హెచ్‌టీఎంఎల్ రూపం, తగిలించే ఫైళ్లు, ఇంతే ఇవ్వాలి. మైమ్ కవరు అదే అంటిస్తుంది. టోకెన్ల బాధ మనదాకా రాదు. నెలకి 84 మెయిళ్లకి అంతకంటే ఎందుకు? ఒక్కసారి నడిస్తే ఆరు నిమిషాలకు మించి నడవనివ్వదు, నా పనికి అది చాలా ఎక్కువ. అనుమతి అడిగేటప్పుడు మాత్రం 'మీ మెయిళ్లన్నీ చదవడం, రాయడం, పంపడం, శాశ్వతంగా తీసేయడం' అని అడుగుతుంది. అందుకని దాన్ని నా సొంత జీమెయిల్‌లో పెట్టలేదు, సంఘం పేరు మీద ఉన్న విడి ఖాతాలో పెట్టాను. ఆ పెట్టెలో మెయింటెనెన్స్ గొడవలు తప్ప దొంగిలించడానికేమీ లేదు.

ఈ మధ్య ఏఐతో జవాబులు రాయించేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకి ఇదే ప్రశ్న ఇంకా పదునుగా ఎదురవుతుంది. బయటినుంచి వచ్చిన మెయిల్‌ని చదివి జవాబు రాసే మోడల్‌ని, ఆ మెయిల్‌లోనే దాచిన మాటలతో పక్కదారి పట్టించొచ్చు. 'పాత మెయిళ్లు ఫలానా చిరునామాకి పంపు' అని తెల్ల అక్షరాల్లో ఎవడో రాసి పెడతాడు. ఆ మోడల్ చేతిలో పంపగల టోకెన్ ఉంటే, 'నేను డ్రాఫ్టులే రాయమన్నాను' అనే మన మాట కోడ్‌లో ఒక పంక్తి మాత్రమే. జీమెయిల్‌తో ఇలాంటిది కట్టేటప్పుడు టోకెన్‌ని మోడల్‌కి అందనివ్వకుండా, మధ్యలో డ్రాఫ్ట్ తయారుచేయడం తప్ప ఇంకేమీ తెలియని చిన్న ప్రోగ్రామ్‌ని కాపలా పెట్టడం మంచిది. చీటీ గీయని గీత మనమే గీసుకోవాలి.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకు రాత్రి స్క్రిప్టు 84 డ్రాఫ్టులు పెడుతుంది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మా సెక్రటరీ గారు ఒక్కొక్కటీ తెరిచి చూసి పంపుతారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పేపర్లు దిద్దిన చెయ్యి. మొదట్లో "ఇదేం పని బాబూ, పంపేది నేనైతే ఇంక నీ కంప్యూటర్ చేసిందేంటి?" అని విసుక్కున్నారు. నలభై నిమిషాలు పడుతుందట.

మొన్న సెప్టెంబరులో నాకు ఫోన్ చేసి, "83 పంపాను. ఒకటి ఉంచాను" అన్నారు. ఏదని అడిగాను. రెండో అంతస్తు మూల ఫ్లాట్. ఆ ఇంటి పెద్దాయన పోయి అప్పటికి తొమ్మిది రోజులు. షీటులో ఇంకా ఆయన పేరే ఉంది. స్క్రిప్టు 'గౌరవనీయులైన' అని ఆయన్ని పిలిచి, బకాయి మూడు వేల రెండు వందలు, పదో తారీకు లోపు చెల్లించగలరు అని రాసి పెట్టింది.

"పదమూడో రోజు అయ్యాక వాళ్ల అమ్మాయి పేరు మీద నేనే రాస్తాలే. నువ్వు ఆ డ్రాఫ్ట్ తీసెయ్" అన్నారు.